మా బావమరిది కొలిచే దేవుడు

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, ముందు వరుసలో మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలు వేసుకుని నేను ఎప్పుడు నోరు జారతానా అని కాచుకుని కూర్చున్న తమ్ముళ్ళకు నమస్కారం.

మాంచెస్టర్ యునైటెడ్ పాత మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ మనస్తత్వం గురించి, ఆయన వదిలి వెళ్ళిన దాని గురించి మాట్లాడమన్నారు. ఆ క్లబ్బుకు ప్రత్యర్థి అయిన ఆర్సెనల్ అభిమానిని పిలిచి ఈ పని అప్పగించడం, దాయాదిని పిలిచి మన ఆస్తికి విలువ కట్టమనడం లాంటిది. మొదట వద్దన్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో న్యాయం ఉందనిపించింది. ఏ గట్టు మీద ఏ చెట్టు ఉందో, ఏ బావిలో ఎండాకాలం ఎన్ని మెట్లు దిగితే నీళ్ళు అందుతాయో సొంతదారు కన్నా పక్క పొలం వాడికే బాగా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళు ఆ పొలం వైపు చూసి కుళ్ళుకున్నవాణ్ణి. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ సమావేశం ఎందుకు పెట్టారో చాలామందికి తెలుసు. పోయిన నెల మేకల అభినవ్ స్టేడియం బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు "ఫెర్గూసన్ గొప్ప కోచ్ ఏమీ కాదు, గొప్ప రౌడీ" అన్నాడు. ఇంకో తమ్ముడు గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆ గ్లాసు నెమ్మదిగా పెట్టలేదు. టీ కొట్టు ఆయన డబ్బులు ఎవరిస్తారని అడిగాడు. నేను ఇచ్చాను. ఆ పన్నెండు రూపాయల గ్లాసు తెచ్చిన అవకాశమే ఈ ప్రసంగం.

ముందు నా పాపం ఒప్పుకుంటాను. నేను ఆర్సెనల్ వాణ్ణి కావడానికి కారణం ఆర్సెనల్ కాదు. 1998 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద నెదర్లాండ్స్ ఆటగాడు డెన్నిస్ బెర్క్యాంప్ కొట్టిన గోల్. మైదానం అవతలి నుంచి వచ్చిన బంతిని గాలిలోనే బుజ్జగించి కిందికి దించాడు, రెండో తాకుడుతో డిఫెండర్‌ను దాటించాడు, మూడోదానితో గోల్. మూడు తాకుళ్ళు. నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి, అంత పొదుపైన నిరూపణ నాకు పుస్తకాల్లో కూడా తక్కువగా కనిపించింది. ఈయన ఏ క్లబ్బుకు ఆడతాడని వెతికితే ఆర్సెనల్ అని తేలింది. ఆ ఏడాదే శ్రావణంలో నాకు పెళ్ళయింది. మిర్యాలగూడ సంబంధం. మామగారు రైస్ మిల్లులో గుమస్తా. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు, అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వాడు యునైటెడ్ అభిమాని అని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. (నవ్వులు)

వాడు యునైటెడ్‌లో చేరింది బెక్హామ్ జుట్టు చూసి. అది కూడా ఒప్పుకోవాలి కదా.

1999 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ తేలకపోతే మళ్ళీ ఆడించారు. విల్లా పార్క్‌లో ఆర్సెనల్, యునైటెడ్. యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్‌కు రెడ్ కార్డు పడింది. పదిమంది మిగిలారు. స్కోరు చెరొకటి, ఆట ఆఖరి నిమిషాల్లో మాకు పెనాల్టీ. కొట్టేది బెర్క్యాంప్. వాళ్ళ గోల్‌కీపర్ ష్మైకెల్ ఆపేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో మా వియెరా తప్పుగా వేసిన బంతిని వాళ్ళ గిగ్స్ అందుకుని, మా వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పలకరిస్తున్నట్టు దాటుకుంటూ వెళ్ళి గోల్ కొట్టాడు. ఇదంతా నేను చూడలేదు. ఒక రోజు ఆలస్యంగా గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపరు ఆఖరి పేజీలో చిన్న వార్తగా చదివాను. చదివి, పేపరు మడిచి, మళ్ళీ విప్పి చదివాను. రెండోసారి కూడా బెర్క్యాంప్ పెనాల్టీ పోయింది.

నెలన్నర తర్వాత ఎండాకాలం సెలవులకు మిర్యాలగూడ వెళ్ళాను. మే 26 రాత్రి. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలని మన పెద్దలు ఊరికే అనలేదు. రాత్రి పన్నెండింటికి కూడా డాబా నేల కాలుతూనే ఉంది. బిందెలతో నీళ్ళు చల్లి, చాపలు పరిచి ఇంటిల్లిపాదీ డాబా మీదే పడుకున్నాం. మా బావమరిది సాయంత్రం నుంచే కేబుల్ వైరు కిటికీలోంచి పైకి లాగి, టీవీని ఒక కుర్చీ మీద పెట్టి, వెలుగు ఎవరి కళ్ళలోనూ పడకుండా చుట్టూ దుప్పటి కట్టాడు. ఆ దుప్పటి గుడారంలో ఇద్దరం దూరాం. బార్సిలోనాలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, యునైటెడ్, జర్మనీ క్లబ్బు బాయెర్న్ మ్యూనిక్. మనకు పన్నెండుంపావుకు మొదలైంది.

ఆరో నిమిషంలోనే బాయెర్న్ గోల్ కొట్టింది. కొత్త అల్లుణ్ణి కాబట్టి మొహం మీద సంతోషం కనపడకుండా దాచుకున్నాను. రెండో సగంలో బాయెర్న్ వాళ్ళ బంతి ఒకసారి స్తంభానికి, ఇంకోసారి అడ్డబారుకు తగిలింది. తొంభై నిమిషాలు దగ్గర పడుతున్నాయి. "ఇక కట్టెయ్, మామయ్య లేస్తారు" అన్నాను, పెద్దరికంగా. వాడు "ఆగు బావా, ఇంకా మూడు నిమిషాలున్నాయి" అన్నాడు. వాడి చేయి నా మోకాలి మీద ఉంది. చెమటతో తడిగా ఉంది.

కార్నర్. బెక్హామ్ వేశాడు. షెరింగ్‌హామ్ గోల్. మళ్ళీ కార్నర్, మళ్ళీ బెక్హామే, ఈసారి సోల్‌షార్. ఇద్దరూ బదులుగా దిగినవాళ్ళే. మా బావమరిది పెట్టిన కేక గురించి చెప్పాలంటే, ఆ కేకకు దుప్పటి ఊడింది, టీవీ ఒరిగింది, పక్కింటాయన కర్ర పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. అత్తగారు దొంగలు పడ్డారనుకుని గాజులు ఉన్నాయో లేదో చూసుకున్నారు. మామగారు లేచి కూర్చుని నన్ను అడిగారు, "ఏమైంది బాబూ?" ఇంగ్లండ్ వాళ్ళు గెలిచారండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "అయితే మనకేమిటి?" అని మళ్ళీ పడుకున్నారు.

మనకేమిటో నాకు ఆ రాత్రి తెలియలేదు. మర్నాడు పొద్దున వాడితో "అదృష్టం" అన్నాను. ఆ తర్వాత పదేళ్ళు అదే అన్నాను. అదృష్టం, రిఫరీలు, డబ్బు, అరుపులు. ఓడినవాడికి కథలు కావాలి. ప్రత్యర్థి అభిమానులుగా మేమందరం కలిసి అల్లుకున్న అతి పెద్ద కథ ఆయన కోపం.

ఇప్పుడు ఆ కోపం సంగతి చూద్దాం. అబద్ధమని నేను అనడం లేదు. ఆయన మొహం మీద మొహం పెట్టి అరిస్తే జుట్టు ఎగిరేదని ఆటగాళ్ళు దానికి హెయిర్ డ్రయ్యర్ అని పేరు పెట్టుకున్నారు. 2003 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో మేము వాళ్ళ మైదానంలోనే రెండు గోల్స్‌తో గెలిచాం. ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన కోపంతో ఒక బూటును తన్నితే అది వెళ్ళి బెక్హామ్ కనుబొమ్మ మీద తగిలింది. ఆ గాయానికి అంటించిన పట్టీలతో బెక్హామ్ ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ వేసవిలోనే ఆయన్ను రియల్ మాడ్రిడ్‌కు అమ్మేశారు. మా బావమరిది జుట్టు కత్తిరించుకున్నాడు. సంతాప సూచకంగానో, ఫ్యాషన్ మారిందనో నేను అడగలేదు.

అయితే కోపంతోనే పని జరిగేటట్టయితే, అరిచే హెడ్‌మాస్టర్లు మన జిల్లాలో తక్కువా? వాళ్ళందరి బడుల్లో నూటికి నూరు ఫలితాలు వచ్చాయా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చూసింది ఒక్కటే. పిల్లలు అరుపుకు మూడో రోజుకల్లా అలవాటు పడతారు. నాలుగో రోజు నుంచి అది ఫ్యాను చప్పుడు.

ఫెర్గూసన్ ఎవరి మీద అరిచాడన్నది కాదు నాకు ఆసక్తి. ఎవరి మీద అరవలేదన్నది. యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటోనా 1995 జనవరిలో తనను తిట్టిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి కాలితో తన్నాడు. నెలల తరబడి నిషేధం పడింది. విసిగిపోయి ఇంగ్లండ్ వదిలేస్తానని ఆ వేసవిలో పారిస్ వెళ్ళిపోయాడు. అరిచే మేనేజర్ అయితే పొమ్మనేవాడు. ఫెర్గూసన్ పారిస్ వెళ్ళాడు. ఫోటోగ్రాఫర్ల కళ్ళు కప్పడానికి హోటల్ వెనక నుంచి బయటపడి, యాభై మూడేళ్ళ మనిషి ఒక మోటార్ సైకిల్ వెనక సీటెక్కి, హెల్మెట్ పెట్టుకుని, కాంటోనా ఉన్న రెస్టారెంట్‌కు చేరాడు. అలిగి పుట్టింటికి వెళ్ళిన కోడలిని తీసుకురావడానికి మామగారే స్వయంగా వెళ్ళినట్టు. కాంటోనా తిరిగి వచ్చాడు. ఆ సీజన్‌లో యునైటెడ్ లీగూ, ఎఫ్ఏ కప్పూ రెండూ గెలిచింది.

ఎవరి దగ్గర గొంతు పెంచాలో, ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలిసినవాడు కోపిష్టి కాదు. కోపాన్ని గూటంలాగా, రంపంలాగా పెట్టెలో పెట్టుకుని తిరిగేవాడు. ఆయన మొదట్లో గ్లాస్గోలో పనిముట్లు తయారుచేసే పని నేర్చుకున్న కుర్రవాడే కదా. గోవన్ అనే పేట. ఓడలు కట్టే రేవు పక్కనే. తండ్రి ఓడల యార్డులో కార్మికుడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే తోటి అప్రెంటిస్‌ల తరఫున సమ్మెలో ముందు నిలబడ్డాడు. ఈ మాట నల్లగొండలో చెబితే ఎవరికీ వింతగా ఉండదు. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపిన గడ్డ మనది. మా నాన్న తరం వాళ్ళు ఈ గోవన్ కుర్రవాణ్ణి చూసి ఉంటే పార్టీ సభ్యత్వం ఇచ్చేవాళ్ళు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: "గుర్రం సంగతి కూడా చెప్పండి సార్!")

చెబుతాను పెద్దాయనా, దాటవేయను. ముందు అసలు విషయం చెప్పనివ్వండి.

1986 నవంబరు 6న ఆయన యునైటెడ్‌కు వచ్చేనాటికి ఆ జట్టు లీగ్‌లో అట్టడుగు నుంచి రెండో స్థానంలో ఉంది. అంతకుముందు అబర్డీన్‌లో ఆయన చేసింది మన వాళ్ళకు తక్కువ తెలుసు. స్కాట్లండ్‌లో సెల్టిక్, రేంజర్స్ అనే రెండు జమీందారీలు ఉన్నాయి. ఆ రెండింటినీ పక్కకు నెట్టి మూడుసార్లు లీగ్ గెలిపించాడు. 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరప్ కప్ విన్నర్స్ కప్ తెచ్చాడు. 1985లో అబర్డీన్ లీగ్ గెలిచాక మరో నలభై సీజన్ల పాటు ఆ టైటిల్ ఆ రెండు జమీందారీలు దాటి బయటికి రాలేదు. అది ఒక్కటి చాలు ఆయన ఎవరో చెప్పడానికి.

యునైటెడ్‌లో మొదటి మూడేళ్ళు ఏమీ లేవు. 1989లో అదే ఊరి క్లబ్బు మాంచెస్టర్ సిటీ చేతిలో ఒకటికి ఐదు. మూడేళ్ళ సాకులు చాలు, ఇక వెళ్ళిరా అని సొంత అభిమానే బ్యానర్ పట్టుకున్నాడు. ఇప్పుడు ఇక్కడ ఎర్ర జెర్సీ వేసుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ రోజు ఆ బ్యానర్ రెండో చివర పట్టుకునేవాళ్ళో ఆలోచించండి. 1990లో ఎఫ్ఏ కప్ వచ్చింది. 1993లో లీగ్. యునైటెడ్ లీగ్ గెలిచి అప్పటికి 26 ఏళ్ళు.

అక్కడి నుంచి అసలు కథ. గెలిచిన జట్టును ఏం చేయాలి? మనమైతే పటం కట్టి గోడకు వేలాడదీస్తాం. ఆయన 1995 వేసవిలో ఒకేసారి ఇన్స్, హ్యూస్, కాంచెల్స్‌కిస్‌ను పంపేశాడు. ముగ్గురూ మూలస్తంభాలు. వాళ్ళ చోట ఎవరిని కొన్నాడు? ఎవరినీ కాదు. సొంత పెరట్లో పెంచిన పిల్లలను దించాడు. బెక్హామ్, స్కోల్స్, బట్, నెవిల్ అన్నదమ్ములు. మొదటి ఆటలోనే ఆస్టన్ విల్లా చేతిలో మూడు తిన్నారు. పిల్లలతో ఏమీ గెలవలేరని ఆ రాత్రి విశ్లేషకుడు అలన్ హాన్సెన్ టీవీలో తేల్చేశాడు. మే నెలకు ఆ పిల్లలే రెండు కప్పులు ఎత్తారు.

మా వూళ్ళో పాత మట్టి ఇళ్ళు ఉండేవి. ఒక తాత మాత్రం పైకప్పు కారకముందే పెంకులు మార్చేవాడు. కారాక మార్చేవాళ్ళను చూసి నవ్వేవాడు. "వాన పడుతుంటే పైకి ఎక్కుతావా?" అనేవాడు. ఫెర్గూసన్ ఆ తాత. 1999లో మూడు కప్పులు తెచ్చిన జట్టు 2006 నాటికి దాదాపు లేదు. స్టామ్, బెక్హామ్, కీన్ వెళ్ళారు, తర్వాత వచ్చిన వాన్ నిస్టల్‌రాయ్ కూడా వెళ్ళాడు. స్టామ్‌ను అమ్మడం పొరపాటని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. పెంకులు మార్చేటప్పుడు ఒకటి రెండు మంచి పెంకులు పగులుతాయి. లిస్బన్ నుంచి పద్దెనిమిదేళ్ళ రొనాల్డో వచ్చాడు, ఎవర్టన్ నుంచి పద్దెనిమిదేళ్ళ రూనీ వచ్చాడు. మధ్యలో మూడేళ్ళు టైటిల్ లేదు. ఆ మూడేళ్ళు నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. 2004లో మేము ఒక్క ఆట కూడా ఓడకుండా లీగ్ గెలిచాం. ఓటమి లేని ఆ పరంపర 49 ఆటల దాకా సాగింది. ముసలాయన పని అయిపోయింది అని మిర్యాలగూడకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ 49కి పుల్‌స్టాప్ పెట్టింది కూడా ఆయన మైదానంలోనే. ఆ రోజు ఆటగాళ్ళు లోపలికి వెళ్ళే సొరంగంలో గొడవ జరిగి ఫెర్గూసన్ కోటు మీద పిజ్జా ముక్క పడింది. విసిరింది మా పదిహేడేళ్ళ ఫాబ్రెగాస్. ఏళ్ళ తర్వాత తానే ఒప్పుకున్నాడు. పిజ్జా కాబట్టి కోటుతో పోయింది. మన సర్వపిండి అయితే తల పగిలేది. (నవ్వులు)

2007, 2008, 2009. వరుసగా మూడు లీగ్ టైటిళ్ళు. ఫోన్లు ఇప్పుడు మిర్యాలగూడ నుంచి నల్లగొండకు రావడం మొదలైంది.

నా సంగతి, అంటే మా సంగతి కూడా చెప్పాలి. మా మేనేజర్ వెంగర్ తెలివైనవాడు, సంస్కారవంతుడు, ఫుట్‌బాల్‌ను అందంగా ఆడించినవాడు. నాకు ఇప్పటికీ గురువు. కానీ ఆయన తాను నమ్మిన ఇల్లు కట్టుకుని అందులోనే ఉండిపోయాడు. కొత్త స్టేడియం అప్పు ఉంది, నిజమే. అయినా కప్పు కారుతోందని అభిమానులకు తెలుసు, ఆటగాళ్ళకు తెలుసు. 2011 ఆగస్టు 28న యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వాళ్ళు ఎనిమిది, మేము రెండు. మర్నాడు సాయంత్రం బస్సులో ఒక పొట్లం వచ్చింది. విప్పితే ఎనిమిది లడ్లు, రెండు బొబ్బట్లు. మా ఆవిడ "తమ్ముడు ఎంత ప్రేమగా పంపాడో" అంది. నేను తినలేదు. బొబ్బట్లు మాత్రం తిన్నాను. అవి మావి.

ఇక 2012. యునైటెడ్ లీగ్‌ను సిటీకి గోల్స్ తేడాతో, ఆఖరి క్షణంలో పోగొట్టుకుంది. డెబ్భై ఏళ్ళ మనిషి అప్పుడు ఏం చేయాలి? ఇంటికి వెళ్ళాలి. ఆయన మా ఇంటికి వచ్చాడు. మా కెప్టెన్ రాబిన్ వాన్ పెర్సీని పట్టుకెళ్ళాడు. 24 మిలియన్ పౌండ్లు. ఆ సీజన్‌లో వాన్ పెర్సీ లీగ్‌లో 26 గోల్స్ కొట్టాడు. టైటిల్ ఖాయమైన ఆటలో మూడు గోల్స్ ఆయనవే. ఆ తర్వాత ఆదివారమే యునైటెడ్ మా మైదానానికి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం మా ఆటగాళ్ళు రెండు వరుసల్లో నిలబడి ఛాంపియన్లకు చప్పట్లు కొట్టాలి. కొట్టారు. ఆ వరుసల మధ్య నుంచి తల వంచుకుని వాన్ పెర్సీ వచ్చాడు. టీవీలో ఆ దృశ్యం చూస్తున్నప్పుడు మా బావమరిది నా పక్కనే ఉన్నాడు. వాన్ పెర్సీ పేరు, 20 నంబరు ఉన్న ఎర్ర జెర్సీ కొని వేసుకుని వచ్చాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి వాడు ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని చప్పుడు తగ్గించాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన మమ్మల్ని అరుపులతో ఓడించలేదు. మేము మా ఇంటి కప్పు వైపు చూడడం మానేశామని ఆయనకు తెలుసు.

పెద్దాయనా, ఇప్పుడు గుర్రం.

రాక్ ఆఫ్ జిబ్రాల్టర్ అని ఒక పందెపు గుర్రం. మ్యాగ్నియర్ అనే ఐరిష్ కోటీశ్వరుడి కుటుంబంతో కలిసి ఫెర్గూసన్‌కు అందులో భాగం ఉండేది. అది వరుసగా ఏడు పెద్ద పందాలు గెలిచింది. రిటైరయ్యాక దాన్ని ఆడ గుర్రాలతో జత కట్టిస్తే వచ్చే ఆదాయంలో నా వాటా సంగతేమిటని తగవు. కోర్టు దాకా వెళ్ళి 2004లో రాజీ పడ్డారు. మ్యాగ్నియర్‌కూ, ఆయన భాగస్వామి మెక్‌మానస్‌కూ యునైటెడ్‌లోనూ పెద్ద వాటా ఉండేది. 2005లో వాళ్ళు దాన్ని అమెరికా గ్లేజర్ కుటుంబానికి అమ్మారు. గ్లేజర్లు అప్పు చేసి క్లబ్బు కొని, ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారు. గుర్రం వల్లే క్లబ్బు పోయిందని కొందరు అభిమానులు అంటారు. నేను అంత దూరం వెళ్ళను, వ్యాపారులు లాభం వస్తే ఎలాగూ అమ్ముతారు. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం ఆయన ఖాతాలోదే. అభిమానులు నిరసన తెలిపారు, కొందరు విడిపోయి సొంతంగా వేరే క్లబ్బే పెట్టుకున్నారు. 2010లో స్టేడియం నిండా ఆకుపచ్చ, పసుపు కండువాలు కనిపించాయి. క్లబ్బు పుట్టినప్పటి రంగులవి. సమ్మెలో ముందు నిలబడ్డ ఆ గోవన్ కుర్రవాడు చివరి వరకూ యజమానుల పక్షాన మాట్లాడాడు. మా నాన్న తరం ఇచ్చిన సభ్యత్వం అక్కడ రద్దవుతుంది పెద్దాయనా.

బీబీసీ తన కొడుకు మీద కార్యక్రమం వేసిందని ఏడేళ్ళు వాళ్ళతో మాట్లాడలేదు. ఆట చివర సమయం కలపమని రిఫరీలను గడియారం చూపించి భయపెట్టేవాడు. ఇవన్నీ నిజాలే. గడియారం సంగతి మాత్రం మనం ఎక్కువ మాట్లాడకూడదు. మన స్టేడియంలో గేదెలు దిగినప్పుడల్లా రిఫరీ కలిపే సమయం ముందు ఆయన అడిగింది ఏపాటి?

ఇక ఆయన వదిలి వెళ్ళింది. 2013 మే 19న 1500వ ఆటతో సెలవు తీసుకున్నాడు. వెస్ట్ బ్రామ్‌తో ఐదు ఐదు. 13 లీగ్ టైటిళ్ళు, మొత్తం 38 కప్పులు. వారసుడు డేవిడ్ మోయెస్‌ను తానే ఎంచి, అభిమానులారా ఆయనకు అండగా నిలవండని మైక్ పట్టుకుని చెప్పి మరీ వెళ్ళాడు. ఆరేళ్ళ ఒప్పందంతో వచ్చిన మోయెస్ పది నెలలు ఉన్నాడు. జట్టు ఏడో స్థానంలో ముగిసింది. అభిమానులు మోయెస్‌ను తిట్టారు, మేము పండగ చేసుకున్నాం.

కానీ మా తాత పెంకుల లెక్కలో చూడండి. ఆఖరి జట్టులో గిగ్స్‌కు ముప్ఫై తొమ్మిదేళ్ళు. స్కోల్స్ ఒకసారి రిటైరై తిరిగి వచ్చినవాడు. ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా ముప్ఫై దాటినవాళ్ళు. వాన్ పెర్సీకి ఇరవై తొమ్మిది. ఎప్పుడూ వానకు ముందే కప్పు మార్చిన మనిషి, ఆఖరి ఏడాది టార్పాలిన్ కట్టి ఒక వాన గడిపేశాడు. గెలిచి గౌరవంగా వెళ్ళాలనుకున్నాడు. వెళ్ళాడు. ఎవరు మాత్రం అలా అనుకోరు? తాళం చేతులు మోయెస్‌కు ఇచ్చినరోజు ఎండగా ఉంది.

ఇక్కడ ఒక తమ్ముడు నాతో ముందే అన్నాడు, మన రహీం సాబ్ సంగతీ అంతే కదా అని. సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టు కోచ్, హైదరాబాద్ మనిషి, వృత్తి చేత నాలాగే ఉపాధ్యాయుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించి స్వర్ణం తెచ్చాడు, ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని. మరుసటి ఏడాదే పోయాడు. ఆ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. ఈ రెండు సంగతులనూ నేను ఒకే త్రాసులో వేయను తమ్ముడూ. రహీం సాబ్‌కు కప్పు మార్చే సమయం దొరకలేదు. ఫెర్గూసన్‌కు దొరికింది.

అయితే రౌడీనా, మహానుభావుడా? టీ కొట్టు దగ్గర గ్లాసు పగలగొట్టిన తమ్ముడూ, నువ్వు కోపపడింది సరైన మనిషి కోసమే, కారణం మాత్రం తప్పు. రౌడీ అన్న తమ్ముడూ, నేను పదేళ్ళు నీ మాటే అన్నాను. దానివల్ల మాకు ఒక్క పాయింటు కూడా రాలేదు.

ఇంకొక్క విషయం చెప్పి దిగిపోతాను. 2018 ఏప్రిల్ 29. వెంగర్ ఆఖరిసారి ఆర్సెనల్ మేనేజర్‌గా ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్ళాడు. ఆటకు ముందు ఫెర్గూసన్ మైదానంలోకి వచ్చి ఆయన చేతిలో జ్ఞాపిక పెట్టాడు. ఇరవై ఏళ్ళు ఒకరినొకరు పేపర్లలో తిట్టుకున్న ఇద్దరు ముసలివాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. చూసి ఊరుకున్నాను.

ఆ తర్వాత శనివారం రాత్రి ఫోనులో వార్త కనిపించింది. ఫెర్గూసన్‌కు మెదడులో రక్తస్రావం, అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. రాత్రి చాలా పొద్దుపోయింది. మా ఆవిడ నిద్రపోతోంది. వరండాలోకి వెళ్ళి మిర్యాలగూడకు ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళలో ఆయన గురించి, ఎగతాళి లేకుండా, నేను చేసిన మొదటి ఫోను అది. మొదటి రింగుకే ఎత్తాడు. "చూశావా?" అన్నాను. "చూశాను బావా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరకలేదు. అటు మామగారి దగ్గు వినపడుతోంది. కొంతసేపటికి వాడే అడిగాడు, "రేపు వెంగర్‌కు సొంత మైదానంలో ఆఖరి ఆట కదా, చూస్తావా?" అని. చూస్తానన్నాను.

మర్నాడు ఆర్సెనల్ బర్న్‌లీ మీద ఐదు గోల్స్ కొట్టింది. ఆట అయ్యాక వెంగర్ మైక్ తీసుకున్నాడు. 22 ఏళ్ళ ఉద్యోగానికి వీడ్కోలు చెప్పాల్సిన మనిషి, స్టేడియమంతా ఎర్ర చొక్కాలతో లేచి నిలబడి ఉండగా, ముందుగా ఫెర్గూసన్ కోలుకోవాలని కోరుకున్నాడు. మా మైదానంలో ఆ పేరుకు చప్పట్లు పడ్డాయి. మా బావమరిది ఆ రోజు పొద్దున్నే మొదటి బస్సెక్కి నల్లగొండ వచ్చేశాడు. నా పక్కనే, అదే సోఫాలో కూర్చున్నాడు. ఈసారి రిమోట్ తీసుకుని చప్పుడు పెంచాడు.

ఆయన కోలుకున్నాడు, మీ అందరికీ తెలుసు. ప్రశ్నలుంటే అడగండి. ఎర్ర జెర్సీల వాళ్ళు ఒక్కొక్కరుగా.